బీఆర్‌టీఎస్: లేన్ ఎవరిది, బస్సు ఏది? – తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో పెందుర్తి వైపు వెళ్లేవాళ్లకు ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అంటే ఒక అడ్రసు. విజయవాడలోనూ అంతే. ‘బీఆర్‌టీఎస్ రోడ్డులో ఫలానా షాపు దగ్గర దిగు, నేనొచ్చి తీసుకెళ్తా’ అంటారు. ఆ పేరులో బస్సు ఉందన్న సంగతి చాలామందికి గుర్తు కూడా ఉండదు. నేను విశాఖలో చాలా ఏళ్లుగా సిటీ బస్సులోనే ఉద్యోగానికి వెళ్లొస్తున్న మనిషిని. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు, మా వీధివాళ్లు, సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడిగిన ప్రశ్నలకు ఏళ్లుగా చెబుతూ వచ్చిన జవాబులే ఇవి. ఎక్కువగా అహ్మదాబాద్ సంగతి చెబుతాను. మన ఊళ్లకు వచ్చిన పథకంతోనే వాళ్లూ మొదలుపెట్టారు, వాళ్ల బస్సు నడిచింది.

బీఆర్‌టీఎస్ అంటే అసలు ఏమిటి?

బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్. తెలుగులో చెప్పాలంటే, మెట్రో రైలుకు ఉండే సదుపాయాలను బస్సుకు ఇవ్వడం. బస్సుకు సొంత లేన్ ఉంటుంది. ఎక్కే చోట స్టాప్‌కు బదులు స్టేషన్ ఉంటుంది. టికెట్టు స్టేషన్‌లోనే తీసుకుంటారు. ప్లాట్‌ఫారం, బస్సు నేల ఒకే ఎత్తులో ఉంటాయి. తలుపులు వెడల్పుగా, ఒకటికి మించి ఉంటాయి. జంక్షన్‌లో సిగ్నల్ బస్సుకు అనుకూలంగా ఉంటుంది. బస్సు మూడు నాలుగు నిమిషాలకు ఒకటి వస్తుంది.

వీటిలో లేన్ ఒక్కటే కంటికి కనిపిస్తుంది. అందుకే చాలా ఊళ్లలో లేన్ వేసి, ‘బీఆర్‌టీఎస్ అయిపోయింది’ అనుకున్నారు.

లేన్ ఒక్కటి ఇస్తే చాలదా? బస్సు ఆలస్యమయ్యేది ట్రాఫిక్ వల్లే కదా?

ట్రాఫిక్ వల్ల కొంతే. మిగతాది ఎక్కడ పోతుందో తెలియాలంటే సాయంత్రం ఆరింటికి ఏదైనా రద్దీ స్టాప్‌లో ఒక సిటీ ఆర్డినరీ బస్సును గమనించండి. బస్సు స్టాప్‌కు కాస్త ముందో వెనకో, రోడ్డుకు నడిమధ్యన ఆగుతుంది. జనం దాని వెనక పరుగెత్తుతారు. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు ఫుట్‌బోర్డు మీద ఉంటారు. ఒక పెద్దావిడ చేతిసంచీ మెట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుని, ఒక కాలు పైకి పెట్టి ఊపిరి తీసుకుంటుంది. వెనక నుంచి ఎవరో ‘ఎక్కమ్మా, ఎక్కు’ అంటారు. ఆమె రెండో మెట్టు ఎక్కేదాకా బస్సు కదలదు. ఆపైన కొత్తగా ఎక్కినవాళ్లకు టికెట్లు కొట్టడం పూర్తయ్యేదాకా కండక్టర్ తర్వాతి స్టాప్ ముందు బస్సును పక్కకు ఆపిస్తాడు. లేన్ మొత్తం ఖాళీగా ఉన్నా ఈ నిమిషాలు ఎక్కడికీ పోవు.

అదే పెద్దావిడ బస్సు నేలతో సమానంగా ఉన్న ప్లాట్‌ఫారం మీద, చేతిలో ముందే కొన్న టికెట్టుతో నిలబడి ఉంటే ఒక్క అడుగు వేసి లోపలికి వెళ్తుంది. నేను అహ్మదాబాద్ వెళ్లినప్పుడు చేతి గడియారం చూసుకుంటూ ఒక స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాను. బస్సు ఆగి, జనం దిగి, ఎక్కి, మళ్లీ కదలడానికి చాలాసార్లు ఇరవై సెకన్లు కూడా పట్టలేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. చంటిపిల్లలతో, సామానుతో ఎక్కేవాళ్లు పెరిగారు. మెట్లూ ఇరుకు తలుపులూ ఎంత అడ్డమో ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

బ్రెజిల్‌లోని కురిచీబా నగరంలో. వాస్తుశిల్పి అయిన జైమే లెర్నర్ మేయర్‌గా ఉండగా, 1974లో అక్కడ బస్సులకు ప్రత్యేక దారులు వచ్చాయి. మెట్రోకు డబ్బు లేదు, బస్సునే మెట్రోలా నడుపుదామన్నారు. వాళ్లు చేసిన ఇంకో పని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎత్తైన భవనాలకు ఆ బస్సు దారుల వెంబడే అనుమతి ఇచ్చారు. జనం ఎక్కువగా ఉండే చోటికే బస్సు వెళ్లేలా ఊరునే మలిచారు. గాజు గొట్టంలా ఉండే వాళ్ల ప్రసిద్ధ స్టేషన్లు 1991లో వచ్చాయి.

తర్వాతి పెద్ద అడుగు కొలంబియా రాజధాని బొగోటాది. అప్పటి మేయర్ ఎన్రికే పెన్యలోసా హయాంలో, 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలెనియో అనే బీఆర్‌టీఎస్ మొదలైంది. అక్కడ స్టేషన్ల దగ్గర ఒక బస్సును ఇంకో బస్సు దాటి వెళ్లడానికి రెండో లేన్ ఉంటుంది. దానివల్ల అన్ని స్టేషన్లలో ఆగే బస్సులూ, కొన్నిట్లోనే ఆగే ఎక్స్‌ప్రెస్‌లూ ఒకే దారిలో నడుస్తాయి. గంటకు ఒక దిశలో 40 వేల మందికి పైగా ప్రయాణించారంటే, చాలా మెట్రోలు కూడా అంత మోయవు. అయితే ఆ రద్దీయే తర్వాత్తర్వాత జనం కోపానికీ కారణమైంది. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదని బొగోటావాళ్లు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి.

మన దేశానికి ఎలా వచ్చింది?

2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. నగరాలకు రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ పనులకు నిధులిచ్చే ఈ పథకంలో బీఆర్‌టీఎస్ కూడా చేరింది. జనాభా 40 లక్షలు దాటిన నగరాలకు ఖర్చులో 35 శాతం, 10 నుంచి 40 లక్షల మధ్య ఉన్నవాటికి 50 శాతం కేంద్రం ఇచ్చేది. మిగతాది రాష్ట్రం, నగరపాలక సంస్థ పెట్టుకోవాలి. అహ్మదాబాద్, సూరత్, రాజ్‌కోట్, పుణె, ఇండోర్, భోపాల్, జైపూర్‌లతో పాటు మన విశాఖ, విజయవాడలకూ అలాగే వచ్చింది.

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. నిధులు కి.మీ. లెక్కన, సివిల్ పనులకు వస్తాయి. రోడ్డు వెడల్పు చేస్తే బిల్లు అవుతుంది. ఐదు నిమిషాలకు ఒక బస్సు నడిపితే ఆ పద్దు కింద బిల్లు కాదు. కాంట్రాక్టరుకూ ఇంజనీరింగ్ విభాగానికీ తెలిసిన పని రోడ్డు వేయడం. అందుకని చాలాచోట్ల అది రోడ్డు ప్రాజెక్టుగా మొదలై, రోడ్డు ప్రాజెక్టుగానే ముగిసింది.

అహ్మదాబాద్‌లో ఏం భిన్నంగా చేశారు?

వాళ్లు దానికి ‘జన్‌మార్గ్’ అని పేరు పెట్టారు. జనం దారి. 2009 అక్టోబరు 14న ఆర్టీవో నుంచి పిరానా వరకు 12.5 కి.మీ. మొదలైంది. తర్వాత ముక్కలు ముక్కలుగా పెరిగి 80 కి.మీ. దాటింది. మొదలై ఏడాది తిరగకముందే, 2010లో, సుస్థిర రవాణా పురస్కారం అందుకుంది.

మొదటి సంగతి: ప్రణాళిక వేసింది అక్కడి సెప్ట్ విశ్వవిద్యాలయం. ఊరి మ్యాపు, జనం రాకపోకల లెక్కలు, రోడ్ల వెడల్పులు దగ్గర పెట్టుకుని, ‘రద్దీ చోట్లను కలపాలి, రద్దీ రోడ్లను తప్పించాలి’ అన్న సూత్రం పెట్టుకున్నారు. నాకు ఈ ఒక్క మాట చాలా ఇష్టం. ఎప్పుడూ జామ్ అయ్యే రోడ్డు మీదే లేన్ వేస్తే మొదటి రోజు నుంచే గొడవ. దానికి సమాంతరంగా, కాస్త వెడల్పున్న దారిలో వేసి, ఆసుపత్రి, కాలేజీ, మార్కెట్, రైల్వే స్టేషన్లను కలిపితే జనం అక్కడికి నడిచి వస్తారు. ఇరుకుగా ఉన్న పాత నగరంలో వెళ్లే బస్సుకు ఒక రోడ్డు, వచ్చే బస్సుకు ఇంకో రోడ్డు పెట్టుకున్నారు.

రెండోది: బస్సులు నడపడానికి అహ్మదాబాద్ జన్‌మార్గ్ లిమిటెడ్ అనే ప్రత్యేక కంపెనీ పెట్టారు. రోడ్డు ఎవరు వేసినా, బస్సు సమయానికి రాకపోతే ఎవర్ని అడగాలో ఊరికి తెలుసు.

మూడోది మూసిన పద్ధతి. ఆ లేన్‌లో జన్‌మార్గ్ బస్సులే తిరిగేలా పెట్టారు. స్టేషన్లు రోడ్డు మధ్యలో, తలుపులు బస్సుకు కుడివైపు. మామూలు సిటీ బస్సుకు ఎడమవైపు తలుపులు ఉంటాయి కాబట్టి అది ఈ స్టేషన్‌లో ఆగలేదు. ఆ లేన్‌కు తగిన బస్సులనే కొని తీరాల్సి వచ్చింది. అంటే స్టేషన్ గీసినరోజే బస్సు ఎలాంటిదో తేలిపోయింది.

నాలుగోది పరీక్ష. టికెట్టు పెట్టకముందే కొన్ని నెలలు జనాన్ని ఉచితంగా ఎక్కించుకుని నడిపి చూశారు. ప్లాట్‌ఫారానికి ఆనించి ఆపడం డ్రైవర్లకు అలవాటయ్యింది. రోడ్డు మధ్యకు నడిచి వెళ్లడం జనానికి అలవాటయ్యింది.

అక్కడా లోపాలున్నాయి, దాచడం ఎందుకు. సైకిలు దారులు వేశారు గానీ చాలాచోట్ల వాటిమీద బండ్లు నిలిపారు. పాత సిటీ బస్సుల సంస్థ ఒకవైపు, జన్‌మార్గ్ ఇంకోవైపు వేర్వేరుగా నడవడంతో బస్సు మారిన ప్రయాణికుడు ఇబ్బంది పడ్డాడు. రోడ్డు పక్క తోపుడుబండ్లవాళ్లకు సరైన చోటు చూపలేదన్న విమర్శ ఇప్పటికీ ఉంది.

ఢిల్లీలో వేసి మళ్లీ ఎందుకు పీకేశారు?

అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు, 5.8 కి.మీ. 2008లో మొదలైంది, 2016లో తొలగించారు. ‘మన దేశంలో బీఆర్‌టీఎస్ పనికిరాదు’ అనేవాళ్లంతా చూపించే ఉదాహరణ ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఢిల్లీది తెరిచిన పద్ధతి. ఆ దారిన పోయే అన్ని బస్సులూ లేన్‌లోకి రావచ్చు. దాంతో బస్సుల సంఖ్య ఎక్కువ, రకాలు ఎక్కువ. పాతవి, చెడిపోయేవి కూడా వాటిలోనే. లేన్‌లో ఒక్క బస్సు ఆగిపోతే వెనకవన్నీ ఆగాలి. టికెట్టు బస్సులోనే. స్టాప్‌లు జంక్షన్ సిగ్నల్ గీతకు దగ్గరగా పెట్టారు. ముందు బస్సు జనాన్ని ఎక్కించుకుంటుంటే పచ్చ లైటు వచ్చి పోతుంది, వెనక బస్సుకు దారి దొరకదు. ఇక సిగ్నల్ దశలు, అంటే ఒక్కో దిశకు విడిగా పచ్చ లైటు ఇచ్చే వంతులు, పెరిగిపోయి, కార్లవాళ్లు ఒక్కో ఎర్ర లైటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పక్కన బస్సు లేన్ కొన్ని క్షణాలు ఖాళీగా కనిపిస్తే వాళ్ల కడుపు మండేది.

ఖాళీగా కనిపించడం గురించి ఒక మాట. నిమిషానికి ఒక బస్సు వెళ్లే లేన్ కూడా ఏ క్షణాన చూసినా ఖాళీగానే ఉంటుంది. బస్సుకు 70 మంది అనుకుంటే గంటకు 4,200 మంది ఆ ఖాళీ లేన్‌లోనే వెళ్లారు. పక్క లేన్‌లో గంటకు 800 కార్లు, కారుకు ఇద్దరు లెక్కన వేసుకున్నా 1,600 మంది. నిండుగా కనిపించేది వాహనాలు, మనుషులు కాదు.

కోర్టులో కేసు కూడా నడిచింది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు బీఆర్‌టీ ఉండాలనే తీర్పిచ్చింది. అయినా 14 కి.మీ. పైగా అనుకున్న దారి ఆరు దగ్గరే ఆగిపోయింది. అంత చిన్న ముక్కలో ఆదా అయ్యే సమయం ప్రయాణికుడికి తెలియదు, కారువాడి ఇబ్బంది మాత్రం రోజూ పత్రికల్లో వచ్చింది. భోపాల్‌లోనూ 2024లో కారిడార్‌ను తీసేశారు.

దక్షిణాదిలో ఎక్కడైనా నడిచిందా?

హుబ్బళ్లి–ధార్వాడ్ మధ్య నడిచింది. రెండు ఊళ్లనూ కలిపే సుమారు 22 కి.మీ. దారి, 2018లో బస్సులు మొదలయ్యాయి. బస్సు పేరు ‘చిగరి’, కన్నడంలో జింక అని. స్టేషన్ల దగ్గర దాటిపోయే లేన్ ఉండటంతో అన్నిచోట్లా ఆగేవీ, ఆగకుండా పోయేవీ రెండూ నడిపారు.

ఏ దారిలో వేయాలో ఎలా తేలుస్తారు?

ముందు లెక్కపెట్టాలి. ఇప్పుడు ఏ రోడ్డు మీద గంటకు ఎన్ని బస్సులు పోతున్నాయి, ఒక్కోదానిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతున్నారు. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కండక్టర్ చేతిలోని టికెట్లు కొట్టే టిమ్ యంత్రంలో ప్రతి టికెట్టుకీ ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ ఉంటాయి. డిపోలో ఏ రూటు ఎంత తెస్తోందో, ఏ ట్రిప్పు కిక్కిరిసి పోతోందో ఏళ్ల తరబడి రాసిపెట్టి ఉంది. ఆ లెక్కలకు తోడు సర్వీసు ఆటోల్లో పోయేవాళ్లను స్టాండ్ల దగ్గర నిలబడి లెక్కించాలి. మన ఊళ్లలో బస్సు వదిలేసిన జనం అక్కడే ఉంటారు.

నా అభిప్రాయంలో వినాల్సిన మొదటి మనిషి డ్రైవరు. ఏ మలుపులో బస్సు ఇరుక్కుంటుందో, ఏ స్టాప్‌లో జనం ఎక్కడ నిలబడతారో ఆయనకు తెలిసినట్టు డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) రాసేవాళ్లకు తెలియదు.

మా రోడ్డు 80 అడుగులే. సరిపోతుందా?

లెక్క వేసుకుందాం. రెండు బస్సు లేన్‌లకు 23 అడుగులు. మధ్య స్టేషన్‌కు 13. మిగతా వాహనాలకు అటు రెండు, ఇటు రెండు లేన్‌లు కలిపి 42. ఫుట్‌పాత్‌లు అటూ ఇటూ ఎనిమిదేసి చొప్పున 16. ఇప్పటికే 94 అయ్యింది. డివైడర్లు, సైకిలు దారి, కాలువలు కలిపితే 110 నుంచి 120 అడుగులు కావాలి.

80 అడుగుల్లో అంతా ఇమడదు. కానీ స్టేషన్ లేని చోట 13 అడుగులు మిగులుతాయి. మిగతా వాహనాలను ఒక్కో లేన్‌కు తగ్గించవచ్చు. అహ్మదాబాద్ పాత నగరంలోలాగా వెళ్లేది ఒక వీధి, వచ్చేది ఇంకో వీధి చేయవచ్చు. మన దగ్గర మాత్రం చోటు చాలనప్పుడు మొదట పోయేది ఫుట్‌పాతే. బస్సు ఎక్కే ప్రతి మనిషీ ముందు నడిచే వస్తాడు కదా, అతని దారి తీసేసి బస్సుకు ఇస్తే ఎక్కేది ఎవరు?

లేన్ మధ్యలోనే ఎందుకు? ఎడమ పక్కన వేస్తే జనం రోడ్డు దాటక్కర్లేదుగా?

ఎడమ పక్కన ఏముంటాయో గుర్తు తెచ్చుకోండి. ఆగిన ఆటోలు, దుకాణం ముందు సరుకు దించే ట్రాలీ, సందుల్లోంచి వచ్చే బైకులు, ఎడమకు తిరిగే ప్రతి వాహనం, టిఫిన్ బండి, పెళ్లి ఊరేగింపు. అక్కడ గీత గీసి ‘బస్సు మాత్రమే’ అని రాస్తే ఒక్క వారం కూడా నిలవదు. మధ్యలో ఈ బాధలేవీ ఉండవు.

టర్కీలోని ఇస్తాంబుల్‌లో ఒక తమాషా ఏర్పాటు ఉంది. అక్కడ వాహనాలు కుడివైపు నడుస్తాయి, బస్సు తలుపులు కుడివైపే. మధ్య స్టేషన్‌కు ఆనడం కోసం వాళ్లు తమ బీఆర్‌టీఎస్ అయిన మెట్రోబస్‌ల దిశలనే తారుమారు చేశారు. ఆ ప్రత్యేక దారిలో మాత్రం బస్సులు ఎడమవైపు నడుస్తాయి. ఎడమవైపు తలుపులున్న బస్సులు కొనకుండా, మామూలు తలుపుల బస్సులకే దారిని సర్దారు.

జంక్షన్‌లో ఏం చేయాలి? అక్కడే కదా అన్నీ ఆగిపోయేది?

నిజమే, బీఆర్‌టీఎస్ బతికినా చచ్చినా జంక్షన్‌లోనే. నాలుగు దారుల కూడలి ఊహించుకోండి. బస్సు మధ్య లేన్‌లో నేరుగా వెళ్లాలి. దాని ఎడమ పక్కనున్న కారు కుడికి తిరగాలంటే బస్సు దారిని అడ్డంగా కోయాలి. రెండూ ఒకే పచ్చ లైటులో వెళ్లలేవు. అందుకని బస్సుకు వేరే దశ, కుడి మలుపుకు వేరే దశ పెడతారు. నాలుగు దశలున్నది ఆరవుతుంది. అందరూ ఎక్కువసేపు ఆగుతారు, బస్సుతో సహా.

మందు చేదుగానే ఉంటుంది. ముఖ్యమైన కూడళ్లలో కుడి మలుపు తీసేసి, కొంచెం ముందుకు వెళ్లి యూటర్న్ తీసుకునేలానో, ఎడమ సందుల గుండా చుట్టి వచ్చేలానో చేయాలి. అప్పుడు సిగ్నల్ రెండు మూడు దశలకు దిగుతుంది, మామూలు వాహనాలకూ లాభమే. దీనికి ట్రాఫిక్ పోలీసులు ప్రణాళిక గీసే రోజే బల్ల దగ్గర ఉండాలి. పనులు పూర్తయ్యాక పిలిస్తే వాళ్లు చేయగలిగింది లేన్‌ను తెరిచి అందర్నీ వదలడమే. స్టేషన్‌ను కూడా కూడలికి కాస్త ఎడంగా పెట్టాలి. ఢిల్లీ నేర్పిన పాఠం అది.

ఎన్ని బస్సులు కావాలి?

20 కి.మీ. దారి అనుకోండి. స్టేషన్లలో ఆగుతూ గంటకు 20 కి.మీ. వేగం. వెళ్లడానికి గంట, రావడానికి గంట, రెండు చివర్లా పదేసి నిమిషాలు విరామం. ఒక బస్సు మళ్లీ మొదటికి రావడానికి 140 నిమిషాలు. నాలుగు నిమిషాలకు ఒక బస్సు రావాలంటే 35 బస్సులు రోడ్డు మీద ఉండాలి. మరమ్మతులకు పోయేవాటికి ఇంకో నాలుగు కలపండి. దాదాపు 40 బస్సులు, వాటికి డిపో, రెండు షిఫ్టుల డ్రైవర్లు.

మీ ఊరి ప్రణాళిక కాగితాల్లో కాంక్రీటు ఎన్ని ఘనపు మీటర్లో ఉండి, ఈ 40 కనిపించకపోతే అది రోడ్డు ప్రాజెక్టే.

స్టేషన్‌లో ఒక్క బస్సు ఆగే చోటు చాలా?

ఒక బస్సు ఆగి, కదిలి, చోటు ఖాళీ అవడానికి 25 సెకన్లు అనుకుందాం. గంటలో 3,600 సెకన్లున్నా ఆ చోటును 40 శాతానికి మించి వాడితే వెనక క్యూ మొదలవుతుందని ప్రణాళిక వేసేవాళ్ల లెక్క. అంటే 1,440 సెకన్లు, సుమారు 57 బస్సులు. అంతకు మించితే రెండో చోటు కావాలి, దాటి వెళ్లే లేన్ కూడా కావాలి.

రోడ్డు మధ్య స్టేషన్‌కు ముసలివాళ్లు, పిల్లలు ఎలా వెళ్తారు? పాదచారుల వంతెన కట్టాలా?

వంతెన వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముప్పై నలభై మెట్లు ఎక్కి దిగరు. డివైడర్ దూకుతారు, లేదా బస్సు మానేస్తారు. స్టేషన్ చివరి నుంచి కూడలి జీబ్రా గీతల దాకా నేరుగా నడిచే దారి ఉండాలి. సిగ్నల్ లేని చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి బండ్లు నెమ్మదించేలా చేయాలి. రెండు మూడు లేన్‌లు దాటితే స్టేషన్. ఇప్పుడైతే మొత్తం రోడ్డు దాటి అవతలి స్టాప్‌కు వెళ్తున్నాం, అందులో సగమే ఇది.

లేన్‌లోకి ఆటోలు, బైకులు రాకుండా ఎలా ఆపుతారు? అంబులెన్సు సంగతేమిటి?

అంబులెన్సును, ఫైరింజన్‌ను రానిస్తారు, రానివ్వాలి. మిగతావాటిని ఆపేది గేటూ గార్డూ కంటే ముందు బస్సే. రెండు నిమిషాలకో బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తుంటే బైకువాడు తనంతట తానే దిగిపోతాడు. ఇరవై నిమిషాలకు ఒక బస్సు వచ్చే లేన్‌ను ఏ పోలీసూ కాపాడలేడు.

మెట్రో కంటే ఎంత చవక?

హైదరాబాద్ మెట్రో తొలి దశకు మొదట వేసిన అంచనా 14,132 కోట్ల రూపాయలు, సుమారు 72 కి.మీ.కు. కి.మీ.కు 200 కోట్ల దగ్గర. అదే కాలంలో మన నగరాల్లో నేల మీద వేసిన బీఆర్‌టీఎస్‌లకు కి.మీ.కు 10 కోట్లు అటూ ఇటూగా అయ్యింది. అయితే దీన్ని మెట్రోకు పోటీగా పెట్టనక్కర్లేదు. మెట్రో దిగినవాళ్లు ఇంటికి చేరాలన్నా బస్సు కావాలి. కేపీహెచ్‌బీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు బీఆర్‌టీఎస్ వేయాలన్న హైదరాబాద్ ప్రతిపాదన వంతెన మీద వేసేది. వంతెన ఎక్కగానే చవక అన్న మాట సగం పోతుంది.

భూసేకరణలో దుకాణాలు పోతాయి కదా?

పోతాయి. ఇది తేలిగ్గా చెప్పే సంగతి కాదు. గోడ మీద ఎర్ర గీత పెట్టి వెళ్లాక ఏళ్ల తరబడి ఆ ఇంటికి సున్నం కూడా వేయించరు. నష్టపరిహారం డబ్బుగానో, టీడీఆర్ బాండ్లుగానో (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రాలు) ఇస్తారు. చిన్న ఇంటివాళ్లకు బాండ్లు అమ్ముకోవడం కష్టం. అద్దెకున్న దుకాణదారుకు, తోపుడుబండికి అదీ ఉండదు. అందుకే వెడల్పు చేయడం చివరి మార్గం కావాలి. ఉన్న రోడ్డులో ఒక లేన్‌ను కార్ల నుంచి తీసి బస్సుకు ఇస్తే ఎవరి ఇల్లూ పోదు. ఆ ధైర్యం ప్రభుత్వాలకు ఉండదు, అందుకే గోడలు పడతాయి.

పనులు ఏ వరుసలో జరగాలి?

భూమి కింద నుంచి పైకి. మంచినీటి పైపులు, భూగర్భ డ్రైనేజీ, కేబుళ్లు ముందు పక్కకు జరగాలి. లేకపోతే కొత్త లేన్‌ను ఆర్నెల్లకే తవ్వుతారు. తర్వాత వాన కాలువలు. బస్సు ఆగే చోట తారు వేయకూడదు, కాంక్రీటే వేయాలి. ఒకే చోట బరువైన బస్సులు రోజంతా బ్రేకు వేస్తుంటే మన ఎండలకు మెత్తబడిన తారు అలలు తేలుతుంది. అప్పుడు బస్సు నేల, ప్లాట్‌ఫారం ఎత్తు కలవవు, ఎక్కేవాళ్ల కాలు జారుతుంది. బస్సుల టెండరు మాత్రం రోడ్డు పనుల టెండరుతో పాటే వెళ్లాలి.

విశాఖ, విజయవాడల్లో ఏమైంది?

విశాఖకు రెండు దారులు అనుకున్నారు. ఒకటి పెందుర్తి నుంచి ఎన్‌ఏడీ కూడలి, కంచరపాలెం మీదుగా నగరంలోకి. రెండోది సింహాచలం, అడవివరం, హనుమంతవాక మీదుగా. సింహాచలం వైపు దేవస్థానం భూముల దగ్గర పని ఏళ్లపాటు ఆగింది. దారి మధ్యలో తెగిపోతే, ఎంత బాగా వేసిన మిగతా ముక్కలైనా మామూలు రోడ్డుగానే మిగులుతాయి. రోడ్డు వెడల్పయ్యింది, అది మంచిదే, నేనూ దానిమీదే వెళ్తాను. కానీ మధ్య లేన్ కోసం కుడివైపు తలుపులతో, టికెట్టు స్టేషన్‌లోనే ఇచ్చే పద్ధతితో, నాలుగు నిమిషాలకొకటి నడిచే సర్వీసు రాలేదు. బస్సులు పాత స్టాప్‌ల దగ్గర, ఎడమ పక్కనే ఆగుతున్నాయి. ఎందుకంటే వాటి తలుపులు ఎడమ పక్కనే ఉన్నాయి.

విజయవాడలోనూ వెడల్పైన దారి మిగిలింది, దాని పేరులో బస్సు మిగిలింది.

ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, పెద్ద ఖర్చు లేకుండానే. తెగకుండా ఉన్న ఒక్క ముక్కను, ఐదారు కి.మీ. అయినా సరే, తీసుకుని రద్దీ వేళల్లో మధ్య లేన్‌ను బస్సుకే ఇవ్వాలి. నగరాలకు కొత్తగా కొనే విద్యుత్ బస్సుల్లో కొన్నిటికి రెండు వైపులా తలుపులు ఉండేలా టెండరులోనే రాయాలి. అలాంటి బస్సు మధ్య స్టేషన్‌లోనూ ఆగుతుంది, లేన్ అయిపోయాక మామూలు స్టాప్‌లోనూ ఆగుతుంది. అంటే మొత్తం దారి పూర్తయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు. రద్దీ స్టాప్‌ల దగ్గర కండక్టర్ కిందికి దిగి ముందే టికెట్లు ఇచ్చినా ప్రతిచోటా కొంత సమయం కలిసొస్తుంది. సర్వీసు ఆటోలను శత్రువులుగా చూడకుండా స్టేషన్ దగ్గర స్టాండు ఇచ్చి, లోపలి కాలనీల నుంచి జనాన్ని తెచ్చే పని అప్పజెప్పాలి.

మీ వార్డులో అభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లండి. మ్యాపు మీద రంగు గీతలు చూపిస్తున్నప్పుడు మూడే ప్రశ్నలు అడగండి. ఉదయం ఎనిమిదిన్నరకు ఎన్ని నిమిషాలకు ఒక బస్సు వస్తుంది? దాని తలుపు ఏ పక్కన ఉంటుంది? మా అమ్మ ఇంటి నుంచి ఆ తలుపు దాకా ఎక్కడెక్కడ రోడ్డు దాటాలి?